దెబ్బ పడ్డాక

తెలుగు సినిమాలో కత్తి ఎత్తడం ఎవరికైనా వస్తుంది. ఎత్తిన కత్తి దిగినాక ఏం చూపిస్తారన్న దగ్గర పనివాడెవరో తెలిసిపోతుంది. డోన్‌లో కాపురముండి సినిమాలు చూసేవాడికి ఈ లెక్క కొంచెం ముందే అర్థమవుతుంది. తెలుగు తెర మీద ఎక్కువసార్లు నరుక్కున్నది మా రాయలసీమ జిల్లాల్లోనే మరి. కర్నూలు, గుంతకల్లు, నంద్యాల రైలుదారులు కలిసే జంక్షను మాది. పక్కనే హైదరాబాదు-బెంగళూరు రహదారి. నాపరాళ్ళ లారీలు, రాతి దుమ్ము, వాన కోసం ఎదురుచూసే చేలు, ఇవీ మాకు రోజూ కనిపించేవి. సినిమాల్లో మాత్రం ఇక్కడ వరసగా సుమోలే తిరుగుతుంటాయి. దాని మీద నాకు పెద్ద కోపమేమీ లేదు. ఆ సుమోలు గాల్లోకి లేచినప్పుడు హాల్లో ఈలలు వేసినవాళ్ళలో మేమూ ఉన్నాం.

ఆ సుమోల కాలానికి 1997లో ‘ప్రేమించుకుందాం రా’ దారి వేసింది. 1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’, 2001 సంక్రాంతికి ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’ వచ్చేసరికి దానికొక కొలత కుదిరింది. కథానాయకుడు ముందు సగమంతా అణిగిమణిగి ఉంటాడు. ఒక సినిమాలో పిల్లలకు డాన్సు నేర్పుతాడు, ఇంకోదాంట్లో కాశీలో టాక్సీ తోలుతాడు. ఎవడో వచ్చి గెలికితే ఊరుకుంటాడు. మళ్ళీ గెలికితే మళ్ళీ ఊరుకుంటాడు. జనం సీట్లలో కుదురుగా కూచోలేని స్థితికి వచ్చినాక అప్పుడు వెనకటి కథ విప్పుతారు. ఆ ఓర్పును తెగకుండా సాగదీయడం చిన్న విద్యేం కాదు. దర్శకుడు బి. గోపాల్‌కు అది చేతిలో ఉంది. ఫ్యాక్షన్ సినిమాలంటే ముఖం చిట్లించే విమర్శకులు ఆ మొదటి సగాలను ఒకసారి విడిగా చూస్తే బాగుంటుంది.

అయితే ఆ సినిమాలన్నిటికీ లోపల ఒక ఒప్పందముంది. దెబ్బ పడగానే సీను అయిపోతుంది. పడినవాడి పెండ్లాం ఎవరు, రాత్రికి ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందా, శవాన్ని ఎవరు మోసినారు, ఇవేవీ కెమెరా అడగదు. అడిగితే మర్నాటి ఈలకు అడ్డం.

నా చూపులో ఆ ఒప్పందాన్ని గట్టిగా తెంపింది ‘అరవింద సమేత వీర రాఘవ’. 2018 అక్టోబరు 11న విడుదలైన సినిమా. ఈమధ్య వచ్చిన వాటి గురించి మాట్లాడబోతూ దీని దగ్గర ఎందుకు ఆగుతున్నానంటే, నేను తర్వాత ఏ సినిమా చూసినా దీని పక్కన పెట్టే చూస్తున్నాను గనుక. త్రివిక్రమ్ శ్రీనివాస్ ఇందులో చేసిన పని వినడానికి చాలా తేలిక. పాత ఫ్యాక్షన్ సినిమాలు చివరి పావుగంటకు దాచిపెట్టుకునే ఘట్టాన్ని తెచ్చి ముందు పెట్టేశాడు. లండన్ నుంచి కొడుకు వస్తాడు. ఊరికి పోయే దారిలో కాపు కాసిన శత్రువులు పడతారు. తండ్రి నారపరెడ్డి చచ్చిపోతాడు. కొడుకు రాఘవ అక్కడున్నవాళ్ళను ఊచకోత కోస్తాడు. అవతలి ఊరి బసిరెడ్డి గొంతులో కత్తి దిగుతుంది. పగ తీరిపోయింది. ఇంటికి పొండి అని చెప్పాల్సిన చోట సినిమా మొదలవుతుంది. ఇంకా రెండు గంటలకు పైగా ఉంది, చెప్పడానికి మిగిలింది ‘తర్వాత’ ఒక్కటే.

ఆ పోరాటాన్ని రామ్-లక్ష్మణ్‌లు కూర్చారు, పి.ఎస్. వినోద్ చిత్రీకరించాడు. పోరాటంగా చూస్తే ఈలకు ఏ లోటూ చేయలేదు. జూనియర్ ఎన్టీఆర్ అభిమానికి కావలసిన ఒళ్ళూ, ఊపూ, పరుగూ అన్నీ ఉన్నాయి. కానీ పోరాటం అయిపోయినాక ఆ మనిషిని చూడండి. గెలిచినవాడి నడక కాదు అది. ఇప్పుడీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడి నడక. ఆ వెనకే ‘ఏడ పోయినాడో’ పాట. తమన్ అక్కడ వీరరసానికి పోకుండా శోకానికి పోవడం, చావు ఇంటి ముందర ఆడవాళ్ళు ఎత్తుకునే ఏడుపుకు దగ్గరగా ఆ గొంతులను నిలపడం చూసినాక ఈ సినిమా మీద నాకు నమ్మకం కుదిరింది. మా వైపు చావు ఇంట్లో ఏడుపుకొక వరస ఉంటుంది. పోయినవాడి గుణాలు, వాడు తినే తిండి, కట్టే బట్ట, చేసి పోయిన బాకీ, అన్నీ ఆ ఏడుపులోనే లెక్కకొస్తాయి. ఆ వరస తెలిసినవాళ్ళెవరో ఈ పాట దగ్గర కూర్చున్నారని వింటే తెలుస్తుంది.

ఇదే సినిమాలో ‘పెనివిటి’ పాట ఉంది. మొగుడి కోసం గడపలో కూచుని ఎదురుచూసే ఇల్లాలి పాట. రామజోగయ్య శాస్త్రి రాశారు. పాడింది కాలభైరవ. ఆడమనిషి గోడును మగగొంతు పాడితే అతుకులా వినిపించాలి. ఇక్కడ అతుకు కనిపించదు. అది ఆ ఇంటి కొడుకు గొంతని, తల్లి చెప్పుకోని మాటను వాడు పాడుతున్నాడని మనకు మనమే సర్దుకుంటాం. నాలుగేళ్ళకు ‘ఆర్‌ఆర్‌ఆర్‌’లో సుద్దాల అశోక్‌తేజ రాసిన ‘కొమురం భీముడో’ పాడింది కూడా ఈ గొంతే. కొరడా దెబ్బలు తింటున్నవాడి పాటకు, మొగుడి కోసం చూసే ఆడదాని పాటకు ఒకే గొంతు సరిపోయిందంటే ఆ గొంతులో ఏముందో ఆలోచించాలి. బలముంది, కానీ ఆ బలాన్ని బయట పెట్టుకోదు.

పనితనం గురించి చెప్పేటప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేది మాత్రం బసిరెడ్డి గొంతులోని గాయం. పాత సినిమాల్లో విలన్‌కు తగిలిన దెబ్బ మూడో సీనుకు మాయమవుతుంది. కట్టు కూడా ఉండదు. ఇక్కడ జగపతిబాబు ఆ దెబ్బను మోసుకుంటూనే సినిమా అంతా తిరుగుతాడు. మాట ఎండిన బావిలోంచి వచ్చినట్టు వస్తుంది. తల తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాలి. ఇంట్లో వాళ్ళు అతన్ని చూసే చూపులో భయం ఎంతుందో అసహ్యం కూడా అంతే ఉంది. ముఖ్యంగా పెండ్లాంగా వేసిన ఈశ్వరీరావు చూపు. ఆమెకు మాటలు తక్కువ. భర్త బతికినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియని ముఖం ఆమెది, ఆ ముఖాన్ని కెమెరా తొందరపెట్టలేదు. ఆమె గురించి జనం ఎక్కువ మాట్లాడలేదు గానీ ఆ సినిమా బరువులో సగం ఆమెదే.

రెండు ఊళ్ళ పగకు మూలం పేకాటలో ఐదు రూపాయల పేచీ అని పెట్టారు. ఇది విని కొందరు నవ్వినారు. ఐదు రూపాయలకు తరాలు నరుక్కుంటారా అని. మా వైపు పెద్దవాళ్ళను అడిగితే నవ్వరు. గట్టు మీద ఒక చెట్టు, మేకల మంద ఒకరి చేలో పడడం, తిరునాళ్ళలో ఎవరి బండి ముందు పోవాలన్న పంతం, ఇట్లాంటివే మొదట్లో ఉంటాయి. మొదలు చిన్నదయ్యేకొద్దీ తర్వాత దాన్ని ఒప్పుకోవడం కష్టం. ఐదు రూపాయలకు ఇంతమందిని చంపుకున్నామని ఒప్పుకునే ధైర్యం లేక మరి నలుగురిని చంపుతారు. రచయిత ఆ ఐదు రూపాయలను పెద్ద ఉపన్యాసంతో చుట్టకుండా వదిలేశాడు. త్రివిక్రమ్‌కు ఉపన్యాసం మీద ఉన్న ప్రేమ తెలిసినవాళ్ళకు ఆ నిగ్రహం విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

లోటు లేదని కాదు. హైదరాబాదు భాగంలో సినిమా కాసేపు కాళ్ళు చాపుకుని కూచుంటుంది. ప్రేమకథలో అమ్మాయి చేత శాంతి గురించి చెప్పించిన మాటలు అందంగా ఉన్నాయి గానీ, ఊళ్ళో జేజి చేత చెప్పించిన నాలుగు మాటల ముందు నిలవవు. సుప్రియా పాఠక్ వేసిన ఆ జేజి పాత్ర తెలుగు తెర మీద ఈ పదేళ్ళలో నాకు బాగా నచ్చిన ముసలమ్మ. మనవణ్ణి ఆమె మెచ్చుకోదు, తిట్టదు. చంపినాక ఏమి మిగిలిందో లెక్క చెప్పమంటుంది.

ఇక యాస. సినిమా వాళ్ళకు ‘సీమ యాస’ అని ఒకటే ఉంటుంది. కర్నూలు వాడిదీ, కడప వాడిదీ, చిత్తూరు వాడిదీ, అనంతపురం వాడిదీ అంతా ఒకే గంపలో. ఈ గంప కాలంలో కూడా ఒక్కడు మాత్రం నిజంగా మాట్లాడేవాడు, జయప్రకాశ్ రెడ్డి. ఆళ్ళగడ్డ దగ్గర శిరివెళ్ళ ఆయనది. సినిమాల్లోకి రాకముందు లెక్కల అయ్యవారు. మాట చివర సాగదీయడం, మధ్యలో ఊపిరి తీసుకుని ఎదుటివాడిని నిలబెట్టడం, నవ్వుతూనే బెదిరించడం, ఇవన్నీ ఆయన మా సంతల్లోంచి, పంచాయితీల్లోంచి తెచ్చుకున్నాడు. 2020 సెప్టెంబరులో ఆయన పోయినాడు. ‘సమరసింహారెడ్డి’లో ఆయన వేసిన ప్రతినాయకుడి పేరు వీరరాఘవరెడ్డి. పంతొమ్మిదేళ్ళ తర్వాత త్రివిక్రమ్ సినిమాలో కథానాయకుడి పేరు అదే. కావాలని పెట్టినారో కాకతాళీయమో గానీ, 1999లో చంపాల్సిన పేరు 2018లో కత్తి దించాల్సిన పేరుగా మారింది.

అరవింద సమేతలో యాస దగ్గర సాయం చేసింది పెంచల్ దాస్. కడప జిల్లా నుంచి వచ్చిన జానపద గాయకుడు. అదే ఏడాది ‘కృష్ణార్జున యుద్ధం’లో ‘దారి చూడు’ రాసి పాడి జనానికి తెలిసినాడు. ఈ సినిమాలో ‘రెడ్డమ్మ తల్లి’ రాశాడు. మోహన భోగరాజు పాడింది. ఆ పాట ఆర్కెస్ట్రా తగ్గించి విన్నా నిలబడుతుంది. ఎన్టీఆర్ నోట వచ్చే మాటలు కూడా ఎక్కువచోట్ల అరుపు లేకుండా, కింద గొంతులో, ఇంటి అరుగు మీద కూచుని చెప్పినట్టు ఉంటాయి. యాసలో పదాలను పట్టడం తేలిక. ఎక్కడ ఆగాలో పట్టడం కష్టం. ఆయన ఆ ఆగడం నేర్చుకున్నాడు.

‘తర్వాత’ను నవ్వుతో తీసినవాళ్ళు కూడా ఉన్నారు. రాజమౌళి ‘మర్యాద రామన్న’ 2010లో వచ్చింది. దాని మూలం 1923 నాటి బస్టర్ కీటన్ మూకీ చిత్రం ‘అవర్ హాస్పిటాలిటీ’. అమెరికాలో రెండు కుటుంబాల పగ. శత్రువు తమ ఇంట్లో అతిథిగా ఉన్నంతసేపు చంపకూడదన్న కట్టుబాటు. ఎక్కడి కథ, ఎక్కడికి తెచ్చి అతికించారో చూడండి. సీమలో అతిథి మర్యాద మీద ఉన్న పట్టుదల తెలిసినవాళ్ళకు అది అరువు కథ అనిపించదు. ఆ సినిమాలో గడపే అసలు పాత్ర. సునీల్ కాలు గడప ఇవతల ఉందా అవతల ఉందా అన్నదాని మీద హాలంతా ఊపిరి బిగబట్టుకుంటుంది. వేటకొడవలి దిగకుండానే అంత ఉత్కంఠ వచ్చిందంటే అది కూర్పులోని లెక్క. ప్రతిసారీ గడపను ముందే చూపిస్తాడు, దూరం ముందే చూపిస్తాడు, ఆ తర్వాతే మనిషిని పంపిస్తాడు.

‘బలగం’ 2023 మార్చి 3న వచ్చింది. మాకు దూరపు సిరిసిల్ల వైపు భాష, అక్కడి ఆచారాలు. అయినా మా ఊళ్ళో చూసినవాళ్ళంతా తమ ఇంటి చావును తలుచుకుంటూ బయటికొచ్చినారు. వేణు యెల్దండిని అంతకుముందు హాస్యనటుడిగానే ఎరుగుదుం. ఈ మొదటి సినిమాకు అతను పెట్టుకున్న ముడిసరుకు చూడండి: ఒక ముసలాయన చావు, మూడో రోజు, ఐదో రోజు, పదకొండో రోజు, ఒక కాకి.

కాకి పిట్టముద్ద ముట్టదు. కథ ఇంతే. ముద్ద పెట్టినవాళ్ళు దూరంగా జరిగి నిలబడతారు, చెట్ల వైపు చూస్తారు, ఎవరికి వాళ్ళు తమ తప్పేదో గుర్తు చేసుకుంటారు. యాక్షన్ సినిమాలో బాంబు పేలుతుందా లేదా అన్నంత ఉత్కంఠ ఈ ముద్ద చుట్టూ ఉంది. ఆచార్య వేణు కెమెరా ఇక్కడ చేసిన తెలివైన పని, కాకి కంటే ఎక్కువసేపు మనుషులను చూపించడం. ఎదురుచూపు పిట్టలో లేదు, చూసేవాళ్ళ మెడల్లో ఉంది. మెడలు పైకెత్తి, కాళ్ళు నొప్పులు పుట్టి, ఎవరో ఒకరు విసుక్కుని, మళ్ళీ సర్దుకుని. నవ్వొస్తుంది. నవ్వుతుండగానే లోపల ఏదో గుచ్చుకుంటుంది.

ఇక్కడా తగువు చిన్నదే. విందులో నల్లిబొక్క దగ్గర బావకూ బావమరిదికీ మాట పడి, ఇరవై ఏళ్ళు రాకపోకలు తెగిపోయినాయి. ఐదు రూపాయలకు సీమలో కత్తులు లేస్తే, బొక్క ముక్కకు తెలంగాణలో తలుపులు మూసుకున్నాయి. తలుపు మూసుకోవడం కత్తి కంటే తక్కువేం కాదని ఈ సినిమా నిదానంగా నిరూపిస్తుంది. ఆ కాలమంతా కూతురు పుట్టింటికి రాలేదు. తండ్రి చచ్చినాక వచ్చింది. రూపలక్ష్మి వాకిట్లోకి అడుగు పెట్టే తీరులోనే అంతా ఉంది. పరుగెత్తుకొస్తుంది, గడప దగ్గర మాత్రం కాలు వెనకాడుతుంది.

ప్రియదర్శి వేసిన సాయిలుకు అప్పులున్నాయి, వచ్చే కట్నంతో తీర్చుకుందామనుకున్నాడు. నిశ్చితార్థానికి ముందు తాత పోయినాడు. అందరూ ఏడుస్తుంటే వాడి కండ్లు లెక్కలు వేస్తుంటాయి. ఈ పాత్రను రాయడంలో ధైర్యముంది. తాత చావు అడ్డమొచ్చిందని విసుక్కునే మనవణ్ణి కథానాయకుడిగా పెట్టి, వాడిని మనం వదులుకోకుండా నడిపించారు. వాడు మారేది కూడా ఒక్క ఉదుటున కాదు. రోజుకొక వీసం చొప్పున మారతాడు. మూడో రోజుకు తన పని గురించే ఆలోచిస్తాడు, ఐదో రోజుకు తాతను గురించి నలుగురు చెప్పే మాటలు చెవిన పడతాయి, పదకొండో రోజుకు కూలిపోతాడు. కర్మల క్యాలెండరునే కథ నడకగా వాడుకోవడం ఈ సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చిన పని.

చివర్లో బుడగజంగాల కథ ఉంది. కొమురమ్మ, మొగిలయ్య దంపతులు నిజంగా ఆ వృత్తిలో ఉన్నవాళ్ళు. పోయినవాడి ఇంటి కథను ఆ ఇంటివాళ్ళ ముందే పాటగా కడతారు. ఆ పాటను సినిమా పాటలాగా తీసి ఉంటే సగం చచ్చిపోయేది. దర్శకుడు వాళ్ళను పాడనిచ్చి, వింటున్నవాళ్ళ ముఖాల మీదికి పోయినాడు. పాడేవాళ్ళ గొంతులో శ్రుతి సొగసు కోసం చూడనక్కరలేదు, అది జీవితమంతా చావు ఇళ్ళ ముందు పాడి అరిగిన గొంతు. 2024 డిసెంబరులో మొగిలయ్య కన్నుమూసినాడు. ఆ సినిమాను తెలంగాణ పల్లెల్లో నడివీధిలో తెర కట్టి ఊరంతా కూచుని చూసినారు. కాసర్ల శ్యామ్ రాసిన ‘ఊరు పల్లెటూరు’ పాటకు తర్వాత జాతీయ అవార్డు వచ్చింది. భీమ్స్ సంగీతంలో అంతకంటే మంచి చోట్లు ఉన్నాయని నా అభిప్రాయం, అయినా వచ్చిన అవార్డును కాదనడమెందుకు.

ప్రియదర్శిని మళ్ళీ 2024 సెప్టెంబరులో ‘35 చిన్న కథ కాదు’లో చూసినాం. తిరుపతిలో బడి, లెక్కల అయ్యవారు. పిల్లలను మార్కులతోనే పిలిచే మనిషి. చాణక్య అనే ఆ అయ్యవారిని రాక్షసుడిగా చేయడం తేలిక. ప్రియదర్శి అట్లా చేయలేదు. తాను చేస్తున్నది పిల్లల మంచికేనని నమ్మినవాడి ప్రశాంతత ఆ ముఖంలో ఉంది, అందుకే ఇంకా భయమేస్తుంది. సున్నాకు విలువ లేనప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎట్లా అవుతుందని పిల్లవాడు అడుగుతాడు. నందకిశోర్ ఈమాని ఆ ప్రశ్నను చమత్కారంగా వాడుకుని వదలకుండా సినిమా మొత్తాన్ని దాని మీద నిలబెట్టినాడు. నివేదా థామస్ పదో తరగతి తప్పిన తల్లి. కొడుకు కోసం మళ్ళీ లెక్కల పుస్తకం తెరుస్తుంది. వంటింటి పనుల మధ్య పుస్తకం తెరిచిపెట్టుకునే ఆ సన్నివేశాల్లో ఆమె చేతులు పని ఆపవు. చదువు కోసం ప్రత్యేకంగా కూచునే తీరిక ఆమెకు లేదని మాటల్లో చెప్పకుండానే తెలిసిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పురస్కారాల్లో ఆమెను ఉత్తమ నటిగా ఎంచింది, సరైన ఎంపిక. ఆపై 2025 మార్చిలో ‘కోర్ట్’ వచ్చింది. దాంట్లో ప్రియదర్శి లాయరు, బాగానే చేశాడు. నా కండ్లు మాత్రం మామయ్యగా వేసిన శివాజీ మీదే ఉండిపోయినాయి. పరువు పేరుతో పిల్లల జీవితం తొక్కే మామయ్యలను మనం చాలామందిని చూసినాం గనుక.

‘పుష్ప 2’ దగ్గర నాది సగం మెప్పే. 2024 డిసెంబరు 5న వచ్చిన ఆ సినిమా మూడు గంటల ఇరవై నిమిషాలు. గంగమ్మ జాతర ఘట్టం మాత్రం పనితనానికి పాఠంగా పెట్టదగినది. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్ళు ఆడవేషం కట్టడం నిజంగా ఉన్న ఆచారం. సుకుమార్ దాన్ని అలంకారంగా వాడలేదు. చీర, గాజులు, నిమ్మకాయల దండ, ఒంటికి నీలం. అంత బరువు మోస్తూ అల్లు అర్జున్ ఆడిన ఆట చూస్తే, వేషం తనను నడిపిస్తోందా తాను వేషాన్ని నడిపిస్తున్నాడా తెలియదు. ఆడపిల్ల పుట్టాలని ఆ వేషంలోనే దేవతను మొక్కడం, అంత ఉగ్రం తర్వాత ఆ మాట రావడం, అక్కడ సినిమా ఒక్క క్షణం అరవింద సమేత చేసిన పనే చేసింది. దెబ్బ తర్వాత ఏముందో చూసింది. ఆ తర్వాత మాత్రం ఒక దెబ్బ మీద ఇంకో దెబ్బ. ఊపిరి తీసుకునే చోటు లేదు. ఈ రెండు సినిమాలకూ ఎడిటరు ఒకరే, నవీన్ నూలి. ‘జెర్సీ’కి జాతీయ అవార్డు తీసుకున్న చేయి. కాబట్టి ఆగడం తెలియక కాదు. ఆగితే జనం లేచిపోతారన్న భయం పెట్టుబడితో పాటే పెరిగినట్టుంది.

డాక్యుమెంటరీ మాటకొస్తే తెలుగులో హాలు దాకా వచ్చేవి తక్కువ. 2024 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌లో ‘మోడర్న్ మాస్టర్స్: ఎస్.ఎస్. రాజమౌళి’ వచ్చింది. అది మనిషి గొప్పతనాన్ని చెబుతుంది, అది మనకు ముందే తెలుసు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన ‘ఆర్‌ఆర్‌ఆర్: బిహైండ్ అండ్ బియాండ్’ నాకు ఎక్కువ పనికొచ్చింది. కొన్ని హాళ్ళలో వేసినారు, మాలాంటి ఊళ్ళవాళ్ళకు ఫోన్లలోనే దక్కింది. దాన్ని చూసినాక తెలిసేది, తెర మీద మనం అరిచిన ప్రతి చోటా అక్కడ ఏమీ లేదని. విరామం ముందు జంతువుల దాడి ఘట్టంలో పులి లేదు, జింక లేదు. లేని పులికి ఎన్టీఆర్ ఎంత దూరంలో నిలబడాలి, వెలుగు ఏ వైపు నుంచి రావాలి, ఏ క్షణంలో పరుగు మళ్ళాలి, ఇవన్నీ ముందే కొలిచి పెట్టుకోవాలి. శ్రీనివాస్ మోహన్ గ్రాఫిక్స్, సెంథిల్ కుమార్ కెమెరా, సాబు సిరిల్ సెట్లు ఒకదానికొకటి అంగుళం తేడా లేకుండా కుదరకపోతే ఆ పులి బొమ్మలా ఉంటుంది.

అదే సినిమాలోని ‘నాటు నాటు’ను 2021 ఆగస్టులో ఉక్రెయిన్‌లో, కీవ్ నగరంలోని మరియిన్‌స్కీ రాజభవనం ముందు తీశారు. కొన్ని నెలలకే ఆ దేశం యుద్ధంలో పడింది. ప్రేమ్ రక్షిత్ కూర్చిన అడుగుల్లో నాలుగు కాళ్ళూ ఒకే చోట లేవాలి, ఒకే చోట దిగాలి. రాజమౌళి టేకు తర్వాత టేకు ఆపి, ఫ్రేమును నిలబెట్టి, ఎవరి కాలు ముందు దిగిందో చూసేవాడని ఆ పాటకు ఆడిన నటులిద్దరూ చాలాచోట్ల చెప్పుకున్నారు. 2023 మార్చిలో ఆ పాటకు ఆస్కారు వచ్చినప్పుడు మా వైపు పిల్లలు రోడ్ల మీద ఆ అడుగు వేయబోయి పడినారు. పడినాకే వాళ్ళకు ఆ ఇద్దరి మీద గౌరవం పెరిగింది.

ఇంత కొలత మన దగ్గర కొత్తది కాదు. తాడిపత్రి ప్రాంతంవాడైన కె.వి. రెడ్డి ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసే నాటికే నటుల చేత ముందుగా ఆడించి, స్టాప్‌వాచ్ పట్టుకుని సీను నిడివి కొలిచేవాడని సినిమావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ‘బాహుబలి’ చిత్రీకరణ 2013 జులైలో మొదలైంది మా కర్నూలుకు దగ్గరి ఓర్వకల్లు రాళ్ళ మధ్య. ఆ రాళ్ళు అట్లాగే ఉన్నాయి, ఇప్పుడు వాటిని చూడడానికి టికెట్టు. కొలతగాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. తేడా అల్లా, ఇప్పుడు వాళ్ళు పని చేస్తుంటే పక్కన ఇంకో కెమెరా తిరుగుతోంది.

ఆ రెండో కెమెరా మీదే నా ఫిర్యాదు. అది పెద్ద సెట్ల చుట్టూ, క్రేన్ల చుట్టూ, వేల మంది జనం చుట్టూ తిరుగుతుంది. డబ్బింగు గదిలోకి రాదు. జగపతిబాబు ఆ గాయపడ్డ గొంతును ఎన్ని రకాలుగా ప్రయత్నించి ఎక్కడ నిలిపాడో, కాకి దిగే చప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో సౌండు గదిలో ఎంత వాదన జరిగిందో, కొమురమ్మను మైకు ముందు నిలబెట్టినప్పుడు ఆమె ముందుగా ఏం అడిగిందో మనకు ఎవరూ చూపించలేదు. పులిని చేసిన గది చూసినాం, బాగుంది. పెంచల్ దాస్ ఎన్టీఆర్ ఎదురుగా కూచుని, మాట సరిగానే వచ్చినా ఆగాల్సిన చోట ఆగలేదని మళ్ళీ చెప్పించిన గది ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. నేను టికెట్టు కొనుక్కుని చూడాలనుకునేది ఆ గదిని.